నాలుగో గీత

3 సెప్టెంబర్ 1979, సోమవారం

మందుల కంపెనీవాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఎనిమిది నెలలుగా మా ఇంట్లో బియ్యం డబ్బాకు మూతగా పనిచేసింది. ఇవాళ దులిపి తెరిచాను. ఇస్సాకుకు చెప్పలేదు. చెప్తే "దవాఖానల రాసేది చాలదా, ఇంట్ల గూడ రాయాల్నా" అంటాడు. పదిహేడేళ్ళ కాపురం తర్వాత మొగుడు ఏమంటాడో అనకముందే వినిపిస్తుంది.

రాయడానికి కారణముంది. మా సర్జన్ డాక్టర్ విశ్వేశ్వర్ పరిశోధన ఇవాళ మా మగవాళ్ళ సర్జికల్ వార్డులో మొదలైంది. హెర్నియా ఆపరేషన్ పూర్తయ్యాక, కుట్లు వేసే ముందు, కోత చుట్టూ ఒక ఇంజెక్షన్ చేస్తారు. సగం మందికి నొప్పి తెలియనివ్వని కొత్త మందు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు. సీసాలన్నీ ఒకేలా ఉంటాయి, మీద నంబరు తప్ప ఏమీ ఉండదు. ఏ నంబరులో ఏముందో నంబరుకో కవరులో రాసి, సీలు వేసి సూపరింటెండెంట్ బీరువాలో పెట్టారు. డాక్టరుకూ తెలియదు, నాకూ తెలియదు. మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఐదింటికి, రాత్రి ఎనిమిదింటికి, మళ్ళీ మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ప్రతి రోగినీ నొప్పి ఎంతుందో అడిగి సున్నా నుంచి పది వరకు ఒక అంకె రాయడం నా పని. దీనికోసమే నెలన్నర పాటు నన్ను పగటి డ్యూటీలోనే ఉంచారు.

"ఉప్పునీళ్ళు పడ్డోళ్ళ గతేంది సార్? ఊరికే ఏడవాల్నా?" అని అడిగేశాను.

"ఎవ్వల్నీ ఏడవనియ్యం సిస్టర్. ఏడు దాటితే వెంటనే నొప్పికి పెథిడిన్ సూది ఇయ్యాలె, నన్ను పిలవాలె. మీరు రాసే అంకె చూసే నేను ఉరికొస్త. అంకె తక్కువుంటే రాను. గంతే."

ఇంకో మాట కూడా అన్నాడు. పేపరు అచ్చయితే చివర్న కృతజ్ఞతల్లో నా పేరు వేస్తాడట. కె. రాజమణి, స్టాఫ్ నర్స్. అచ్చులో నా పేరు పెళ్ళి కార్డులో తప్ప ఎక్కడా పడలేదు. అందులోనూ తప్పు పడింది.

6 సెప్టెంబర్, గురువారం

ఏడుగురయ్యారు. ఏడుగురికీ పదికి పది నొప్పి. డాక్టరు ముఖం చూడాలి.

కాగితం మీద అడ్డంగా పది సెంటీమీటర్ల గీత ఉంటుంది. ఎడమ కొసన నొప్పి లేదని, కుడి కొసన ఓర్వలేనంత ఉందని. మధ్యలో ఎంతుంటే అక్కడ చిన్న గీత పెట్టమనాలి. మాదన్నపేట మార్కెట్లో కూరగాయల మూటలు మోసే పెంటయ్య ఆ కాగితాన్ని చూశాడు, నన్ను చూశాడు, ఎడమ బొటనవేలు చాపాడు.

"ముద్రనా సిస్టరమ్మా?"

"ముద్ర కాదు, పెన్నుతోని గీత పెట్టు."

కుడి కొసన గీత పెట్టి పెన్ను ఇచ్చేశాడు. ఇంత నొప్పి ఉందా అంటే, "నొప్పెక్కడిది? మంచిగనే ఉన్న. సంతకం పెట్టుమంటిరి, పెట్టిన. సంతకం గా కొసకే గద పెడ్తరు" అన్నాడు.

రేషన్ దుకాణంలో అయినా, ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం మీదైనా వీళ్ళ వేలు పట్టుకుని ఎప్పుడూ కుడి మూలకే ఒత్తించాం. నేను కూడా ఒత్తించాను. ఇప్పుడు గీతలో నొప్పి వెతకమంటే ఎక్కడ వెతుకుతారు? రూలు రూలే కాబట్టి ఏడుగురికీ పెథిడిన్ పడింది. పెంటయ్య సాయంత్రం దాకా నిద్రలో నవ్వుతూ ఉన్నాడు.

7 సెప్టెంబర్, శుక్రవారం

ఇవాళ నా బుర్ర పనిచేసింది. ఇంట్లోంచి పొడుగాటి గాజు గ్లాసు పట్టుకెళ్ళాను. దాని వీపుకు పది గీతలు గీసిన కాగితం ముక్క అంటించాను, గీతలు నా వైపు ఉండేట్టు. పక్కన లోటాలో నీళ్ళు. "నొప్పి లేకుంటే పొయ్యకు. ఓర్సుకోలేనంత ఉంటే నిండ పొయ్యి. ఎంతుంటే గంత."

పెంటయ్య మూడో గీత దాకా పోసి ఆపాడు. కొంచెం ఆలోచించి ఇంకో చుక్క వేశాడు. కాగితం ముందు తడబడిన మనిషే నీళ్ళ ముందు చుక్క దాకా చెప్పగలిగాడు.

డాక్టర్ విశ్వేశ్వర్ గ్లాసును వెలుగులో పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. "సిస్టర్, మీ పేరు చివర్న గాదు, ముంగటనే రాస్త" అన్నాడు. ఆ ఏడుగురినీ లెక్కలోంచి తీసేసి, ఇవాళ్టి నుంచి మళ్ళీ ఒకటి అని మొదలుపెట్టాం.

ఇంటికొచ్చి ఇస్సాకుకు రెండుసార్లు చెప్పాను. రెండోసారి, "గ్లాసు పోయింది గద మరి, చాయ్ దేంట్ల తాగాలె" అన్నాడు.

14 సెప్టెంబర్, శుక్రవారం

పదహారు మంది.

వార్డులో మాట పాకింది. గ్లాసు నింపితే నిద్ర సూది ఇస్తారని. తొమ్మిదో మంచం మనిషి పొద్దున బీడీ తాగడానికి వరండా దాకా నడిచి వెళ్ళొచ్చి, నన్ను చూడగానే మూలుగుతూ గ్లాసు నింపాడు. నేను చిన్నపిల్లనా? ఐదు రాశాను.

మూడో మంచం తాత నోరు తెరవడు. చెమటలు పడుతుంటే కూడా ఒక్క గీతే పోశాడు. మూడు రాశాను.

ఇది మోసం కాదు. కూర రుచి చూసి ఉప్పు సరిచేయడం లాంటిది. ఇరవై ఏళ్ళుగా మంచాల మధ్య తిరుగుతున్నాను, ఎవరి నొప్పి ఎంతో మొహం చూసి చెప్పగలను. నాకు అపెండిక్స్ తీసినప్పుడు పందొమ్మిదేళ్ళు. ఆ రాత్రంతా కిక్కురుమనలేదు. మర్నాడు అప్పటి మేట్రన్ నన్ను చూపించి వార్డందరికీ చెప్పింది, ఆ పిల్లను చూసి నేర్చుకోండి అని.

19 సెప్టెంబర్, బుధవారం

వాన. వార్డు కురుస్తోంది. గ్లాసును తువ్వాలులో చుట్టి నా అల్మారాలో పెట్టాను.

22 సెప్టెంబర్, శనివారం

ఇరవై తొమ్మిది మంది. ఎవరికి అసలు మందు పడిందో నాకు తెలిసిపోతోంది. చెప్పకూడదు కాబట్టి చెప్పడం లేదు. మందు పడ్డవాళ్ళు రెండింటికి హాయిగా ఉంటారు, ఒకటో రెండో పోస్తారు. అలాంటివాళ్ళు రాత్రికి ఎక్కువ పోస్తే అది అలవాటు కొద్దీ పోయడమే.

మందు పనిచేస్తోంది. డాక్టరు కళ్ళ కింద నల్లగా అయింది, సరిగ్గా తినడం లేదు. ఇది నిలబడాలి.

25 సెప్టెంబర్, మంగళవారం

ఆరో మంచంలో కొత్త మనిషి సాయిలు. గౌలిపురలో పాల వ్యాపారం, పన్నెండు బర్రెలు. క్యాన్లు మోసి మోసి పేగు జారింది. పొద్దున పదింటికి ఆపరేషన్. భార్య రుక్మాబాయి పక్కనే కూర్చుని ఆయన కాలి బొటనవేలు పట్టుకుని ఉంది, మనిషి ఎక్కడికైనా పోతాడేమో అన్నట్టు.

రెండింటికి గ్లాసు ఇచ్చాను. లోటాను మూరెడు ఎత్తు నుంచి వంచి, ఒక్క చుక్క బయట పడకుండా రెండో గీత దాకా పోశాడు.

"పాలోన్ని సిస్టరమ్మా. కొలతల నా చెయ్యి తప్పది."

"పాలల్ల నీళ్ళు కలిపెటోనివి, నొప్పిల గూడ కలుపుతవు" అన్నాను. వార్డంతా నవ్వింది. ఆయన కూడా కట్టు మీద చెయ్యి అదిమిపెట్టుకుని నవ్వాడు. రుక్మాబాయి ఒక్కతే నవ్వలేదు.

ఐదింటికి మూడు. అసలు మందే పడింది, సందేహం లేదు.

ఎనిమిదింటికి రుక్మాబాయి లేదు, బర్రెల పాలు పిండడానికి వెళ్ళింది. సాయిలు గ్లాసు నింపాడు. నిండాక కూడా పోస్తూనే ఉన్నాడు. చేతులు వణుకుతున్నాయి, దుప్పటి తడిసింది. సరిగ్గా నేను వెళ్ళే వేళకు ఈ లొల్లి. దుప్పటి మార్చి, రాయాల్సింది రాసి, వార్డును ఆండాలుకు అప్పగించి వచ్చాను. ఆండాలు లాల్‌దర్వాజా పిల్ల. టెంపరరీ నర్సుగా చేరి ఎనిమిది నెలలైంది, బుద్ధిగా పనిచేస్తుంది.

బస్సు వెంటనే దొరికింది. సీటు కూడా దొరికింది.

26 సెప్టెంబర్, బుధవారం

ఆరో మంచం ఖాళీగా ఉంది. పరుపు కూడా తీసేశారు.

సాయిలు బతికే ఉన్నాడు. రాత్రి ఒంటిగంటకు స్పృహ తప్పితే ఆండాలు డాక్టరును పిలిచింది. లోపల రక్తనాళం ఒకటి కారుతూనే ఉందట. మళ్ళీ కోశారు. రక్తం గడ్డకట్టి నలిగిపోయిన ఒక వైపు బీజం తీసేయాల్సి వచ్చింది. రెండు సీసాల రక్తం ఎక్కించి, థియేటరు పక్క గదిలో ఉంచారు. ఎమర్జెన్సీ కాబట్టి సీలు విప్పి ఆయన నంబరు కవరు చూశారు.

ఉప్పునీళ్ళు.

డాక్టర్ విశ్వేశ్వర్ రిజిస్టరు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. రాత్రంతా మేలుకుని ఉన్నాడు. "సిస్టర్, ఎనిమిదింటికి నాలుగేనా?"

"నాలుగే సార్."

"అయితే ఎనిమిది తర్వాతనే మొదలైంది" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. ఆండాలు వైపు చూశాడు.

27 సెప్టెంబర్, గురువారం

నాలుగే.

28 సెప్టెంబర్, శుక్రవారం

సాయిలుకు జ్వరం. కళ్ళు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. రుక్మాబాయి నా చేతులు పట్టుకుంది. "మీరు పోయినంక గిట్ల అయింది సిస్టరమ్మా. మీరుంటే కాకపోవు" అంది.

చేతులు కడుక్కోవాలని చెప్పి వచ్చేశాను.

29 సెప్టెంబర్, శనివారం

రక్తస్రావం ఎవరికైనా అవుతుంది. నేను తొమ్మిది రాసినా, పది రాసినా అయ్యేది. నాళం నా అంకె చూసి కారదు కదా. ఎనిమిదింటికి డాక్టరు వచ్చి చూసినా ఏం కనిపించేది? వాపు కనిపించేది. వాపు కనిపిస్తే

ఇస్సాకు పిలుస్తున్నాడు.

30 సెప్టెంబర్, ఆదివారం

చర్చికి వెళ్ళాను. పాస్టర్ ఏం చెప్పాడో ఒక్క ముక్క గుర్తులేదు.

2 అక్టోబర్, మంగళవారం

సెలవు. సాయిలుకు జ్వరం తగ్గిందని కబురు తెలిసింది. మోకాళ్ళ మీద పడి దేవుడికి కృతజ్ఞత చెప్పాను. ఇంక అంతా సర్దుకుంటుంది అనుకున్నాను. పూరీలు చేశాను కూడా.

3 అక్టోబర్, బుధవారం

ఆండాలుకు మెమో ఇచ్చారు.

రాత్రి ఎనిమిదింటికి నాలుగు గీతల నొప్పి ఉన్న రోగి ఒంటిగంటకు చావు దాకా వచ్చాడంటే, ఐదు గంటల పాటు డ్యూటీ నర్సు ఏం చేస్తోంది? నిద్రపోయిందా? సోమవారం సూపరింటెండెంట్ గదిలో విచారణ. టెంపరరీ పోస్టు కాబట్టి తీసేయడానికి ఒక్క సంతకం చాలు.

ఆండాలు డ్రెస్సింగ్ గదిలో నా పక్కన కూర్చుని ఏడ్చింది. "అక్కా, నేను నిద్రపోలే. పదింటికి ఆయన మూల్గిండు. గ్లాసియ్యమని అడిగిండు. నేను పోయి రిజిస్టర్ చూసిన. రెండు, మూడు, నాలుగు ఉన్నది. సిస్టర్ నాలుగే రాసింది, లొల్లి చెయ్యకు, పొద్దుగాల ఇస్త గ్లాసు అన్న. మీరు రాసింది చూసే అన్నక్కా. మీరు రాస్తే తప్పుండది గద?"

నేను ఆమె వీపు నిమిరాను. ఇంకేం చేయగలిగాను? వీపు నిమిరాను.

4 అక్టోబర్, గురువారం

ఇస్సాకు బస్సు డిపోలో ఇంజన్లు బాగుచేస్తాడు. అన్నం తింటుంటే, వేరే వార్డులో ఎవరో నర్సు సంగతి అన్నట్టుగా అడిగాను. ఒక నర్సు అంకె తప్పు రాసిందనుకో, ఆ అంకె చూసి ఇంకో నర్సు ఊరుకుందనుకో, తప్పెవరిది?

"మా దగ్గర గిట్లనే అయింది" అన్నాడు. "ఇంజను వేడెక్కుతున్నది, మీటర్ మాత్రం చల్లగున్నదని చూపిచ్చింది. డ్రైవర్ మీటర్ చూస్కుంట నడిపిచ్చిండు. ఇంజను కాలిపోయింది. డ్రైవర్‌ని సస్పెండ్ చేసిండ్రు."

"మీటర్?"

"మీటర్నేమంటరు? అది మీటర్." ముద్ద కలుపుతూ ఆగిపోయి నా మొహం చూశాడు. "నువ్వు వారం సంది సరిగ తింటలేవు రాజమణీ" అన్నాడు. అంతకంటే ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది. అడిగితే తిట్టేదాన్ని, అదీ నిజమే.

5 అక్టోబర్, శుక్రవారం

సాయిలును ఆరో మంచానికే తీసుకొచ్చారు. సగం మనిషి అయ్యాడు. చెంపలు లోపలికి పోయాయి. బీజం తీసేసిన సంగతి రుక్మాబాయికి తానే చెప్పుకుంటానని, ఎవరూ చెప్పొద్దని డాక్టరును బతిమాలుకున్నాడట.

పరిశోధనలో ఆయన లెక్క ముగిసింది, గ్లాసు ఇవ్వాల్సిన పనిలేదు. అయినా తువ్వాలు విప్పి గ్లాసు తీసి, లోటాలో నీళ్ళు పట్టుకుని వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకు తెలుసు. తక్కువ పోస్తాడని, అది చూసి నా మనసు కుదుటపడుతుందని వెళ్ళాను.

ఆయన గ్లాసు పట్టుకున్నాడు. లోటా వంచలేదు. అలాగే పట్టుకుని నా వైపు చూశాడు.

"ఎంత పొయ్యాలె సిస్టరమ్మా?"

"నన్నడుగుతవేంది? నీకెంతుంటే గంత పొయ్యి."

"నాకెంతున్నదో పోస్తే దుప్పటి తడ్సింది. మీరు కోపానికొచ్చిండ్రు. ఎంత పొయ్యాల్నో మీరే చెప్పుండ్రి, గంతనే పోస్త."

వెటకారం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. చేతిలో గ్లాసు పట్టుకుని, నేను చెప్పే గీత కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఆ దినం రెండింటికి రెండే పోసినవు గద" అన్నాను.

"రుక్మ ముంగట ఎట్ల పోస్త? అది ముందే బుగులుగున్నది. అది పోయినంక పోసిన, రాత్రి. పాలల్ల కలిపినా కలుపుతనేమో గని, గా నీళ్ళల్ల ఏం కలపలే సిస్టరమ్మా."

వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆరుగురు నా పక్కనుంచి వెళ్ళారు.

అదే రోజు, మళ్ళీ

ఇక్కడైనా నిజం రాయాలి. ఎవరూ చదవని చోట కూడా పది రోజులుగా దాటవేశాను.

సాయిలు పది పోశాడు. పది దాటించి పోశాడు. నేను ఏ గీతనూ చూడలేదు. తడిసిన దుప్పటిని చూశాను. గడియారం చూశాను. ఇతనికి మందు పడింది, కాబట్టి ఇంత నొప్పి ఉండకూడదు అనుకున్నాను. పది రాస్తే డాక్టరును పిలవాలి, పెథిడిన్ తీయాలి, ఇంకో గంట ఉండాలి, మందు పనిచేయలేదని రిజిస్టరులో ఒక వరుస చేరుతుంది. నాలుగు రాశాను.

అపెండిక్స్ సంగతి కూడా తప్పే రాశాను. ఆ రాత్రి నేను కిక్కురుమనకపోవడం కాదు. రెండుసార్లు సిస్టర్ అని పిలిచాను. ఎవరూ రాలేదు. మూడోసారి పిలవడానికి సిగ్గేసి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. పొద్దున మేట్రన్ మెచ్చుకుంటే అదే నా గొప్పతనం అనుకుని ఇన్నేళ్ళు బతికాను. అరిచే ప్రతి మనిషి మీదా నాకు కోపం. నేను ఓర్చుకోలేదా, నీకేం అని. ఆ రాత్రి ఎవరైనా వచ్చి గ్లాసు చేతికిస్తే నేనూ దుప్పటి తడిపేదాన్ని.

6 అక్టోబర్, శనివారం

డాక్టర్ విశ్వేశ్వర్ గదికి వెళ్ళాను. కూర్చోమన్నాడు. నిలబడే చెప్పాను.

విన్నాక రిజిస్టరు అట్టను వేలితో రుద్దాడు. "సాయిలుకు ఒక్కనికేనా?"

కాదని తల ఊపాను.

"ఎంతమందికి సిస్టర్?"

"గుర్తున్నంత మట్టుకు పందొమ్మిది మందికి సార్. కొందరికి తగ్గించిన. కొందరికి కలిపిన."

నలభై ఒక్క మందిలో పందొమ్మిది. ఎవరెవరో చూపించమన్నాడు. వేలు పెట్టి చూపించాను. పది పేర్ల దాకా పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టాడు, తర్వాత పెన్సిలు కింద పెట్టేశాడు.

"ఎందుకు?"

"మందు పనిచెయ్యాలని సార్. మీరు ఇంత కష్టపడుతున్నరు."

ఆయన అరవలేదు. అరిస్తే ఎంతో తేలిగ్గా ఉండేది. "మందు పనిచేస్తదా లేదా అని తెల్సుకుందామనుకున్న గని, పనిచేస్తదని అనిపిచ్చుకుందామనుకోలే సిస్టర్" అన్నాడు. "గిప్పుడు నాకేం తెల్వదు. నలభై ఒక్కమందిని కోసిన గని నాకేం తెల్వదు."

గుమ్మం దాకా వచ్చాక వెనక్కి పిలిచాడు. "ఆండాలు విచారణ సోమవారం. మీరు చెప్తరా, నేను చెప్పాల్నా?"

"నేనే చెప్త సార్."

7 అక్టోబర్, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. సాయిలు దగ్గరికి వెళ్ళాను. రుక్మాబాయి కూడా ఉంది. ఇద్దరి ముందూ చెప్పాను. నువ్వు నిండా పోశావు, నేను నాలుగు రాశాను, అందుకే ఎవరూ రాలేదు అని.

రుక్మాబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ రోజు నా చేతులు పట్టుకున్న చేతులవి.

సాయిలు పైకప్పు వైపు చూశాడు. "నాకు సదువు రాదు" అన్నాడు. "నేను పోసిందే రాసిండ్రనుకున్న."

తిడతాడని ఎదురుచూశాను. కళ్ళు మూసుకున్నాడు. వచ్చేశాను.

8 అక్టోబర్, సోమవారం

చెప్పాను. సూపరింటెండెంట్, మేట్రన్, డాక్టర్ విశ్వేశ్వర్, గుమస్తా, గోడ పక్కన ఆండాలు. నా మాటలు గుమస్తా రాసుకున్నాడు. రాసింది నాకు చదివి వినిపించి సంతకం పెట్టమన్నాడు. కుడి కొసన పెట్టాను.

ఆండాలు మెమో వెనక్కి తీసుకున్నారు. నా సంగతి పైవాళ్ళకు రాస్తారట, ఏం వస్తుందో చూడాలి. అప్పటిదాకా వార్డు నుంచి తీసేసి బయటి రోగుల డ్రెస్సింగ్ గదిలో వేశారు. నలభై ఒక్క మంది లెక్క రద్దయింది. డాక్టరు మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతాడు, వేరే నర్సుతో. గ్లాసును మాత్రం ఉంచుకుంటానన్నాడు. సరే అన్నాను.

బయటికి వచ్చాక ఆండాలు నాకంటే ముందు నడిచింది. అక్కా అని పిలవలేదు. మెట్ల దగ్గర ఆగింది. నా కోసమేమో అనుకున్నాను. చెప్పు పట్టీ సరిచేసుకుని వెళ్ళిపోయింది.

రాత్రి ఇస్సాకుకు అంతా చెప్పాను. మీటర్ సంగతి చెప్పిన రోజే అర్థమైందన్నాడు. నా కంచంలో ఆయనే అన్నం పెట్టాడు.

12 అక్టోబర్, శుక్రవారం

డ్రెస్సింగ్ గది. పుండ్లు, చీము, దూది. ఇక్కడ ఎవరూ అంకెలు అడగరు. అయినా అడుగుతున్నాను. ఇంట్లో మిగిలిన ఇంకో గాజు గ్లాసుకు గీతల కాగితం అంటించి తెచ్చుకున్నాను. కొత్త రిజిస్టరు ఒకటి పెట్టుకున్నాను, ఎవరికీ అక్కర్లేనిది. ఎంత పోస్తే అంత రాస్తున్నాను. ఇవాళ ఒకడు వేలికి ముల్లు గుచ్చుకుని వచ్చి గ్లాసు నింపాడు. నా చెయ్యి ఆరు దగ్గర ఆగింది. నిజంగా ఆగింది. పది రాశాను.

ఇస్సాకు చాయ్ చెంబులో తాగుతున్నాడు.

18 అక్టోబర్, గురువారం

సాయిలు వచ్చాడు. కుట్లు విప్పి పది రోజులైంది, చూపించుకుని పొమ్మన్నారట. నేనిక్కడ ఉంటానని తెలియదు. గుమ్మంలో నన్ను చూసి ఆగాడు. రుక్మాబాయి వెనక్కి పోదామని చెయ్యి లాగింది. ఆయన లోపలికి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

గాయం ఆరింది. తుడిచి, కొత్త కట్టు కట్టాను. నొప్పి ఎంతుందని అడగడానికి నాకు అర్హత ఉందో లేదో తెలియలేదు. అడగకపోతే అది ఇంకో తప్పు. గ్లాసు, లోటా తెచ్చి పక్కన పెట్టాను.

సాయిలు వాటి వైపు చూశాడు. తర్వాత లోటా అందుకున్నాడు. మూరెడు ఎత్తు నుంచి కాదు, గ్లాసు అంచుకు ఆనించి, నెమ్మదిగా పోశాడు. రెండో గీత దగ్గర ఆపాడు.

రిజిస్టరులో రాశాను.

ఆయన బల్ల దిగలేదు. "ఏం రాసిండ్రు?"

"రెండు."

ఆయన నా మొహం చూడలేదు. వెనక వరుసలో కళ్ళద్దాలు పెట్టుకుని, చేతికి కట్టుతో ఒకాయన కూర్చుని ఉన్నాడు. సాయిలు ఆయన వైపు తిరిగాడు. "అన్నా, నీకు సదువొస్తదా? గీ బుక్కుల నా పేరు మీద ఏం రాసిండ్రో జర సదివి చెప్పు."

గది మొత్తం మా వైపే చూస్తోంది. నా చెవులు మండాయి. రిజిస్టరును కళ్ళద్దాల మనిషి వైపు తిప్పి, సాయిలు పేరు మీద వేలు పెట్టి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని వంగి చూశాడు.

"సాయిలు, గౌలిపుర. రెండు" అన్నాడు.

"రెండే. నేను పోసింది గంతనే" అన్నాడు సాయిలు. ఆయనతోనే అన్నాడు, నాతో కాదు.